హాలోవీన్ మిఠాయిల సంచి ఇంటికి వచ్చాక: పిల్లల తల్లిదండ్రులు చేయవలసిన పనులు, వాటి వరుస

అమెరికాలో హాలోవీన్ పండుగనాడు, అంటే అక్టోబర్ 31 సాయంత్రం, వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగే పిల్లలు, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న కాలనీలో అయితే, రాత్రి 8 గంటలు దాటేసరికి యాభై, అరవై, ఒక్కోసారి వంద దాకా చిన్న చాక్లెట్లు, జెల్లీలా సాగే గమ్మీలు, లాలీపాప్‌లు సంచిలో వేసుకుని వస్తారు. చాలా ఇళ్లలో వెంటనే అమలయ్యే నియమం ఒకటే: రోజుకు ఒకటి. వినడానికి ఇది క్రమశిక్షణలాగే ఉంటుంది కాని, లెక్క వేసి చూడండి. 80 మిఠాయిలు తెచ్చిన పిల్లవాడు నవంబర్ 1 నుంచి రోజుకు ఒకటి చొప్పున తింటే, ఆఖరిది జనవరి 19న తింటాడు; అప్పటికి సంక్రాంతి కూడా వెళ్లిపోతుంది. ఈ రెండున్నర నెలలూ ప్రతి సాయంత్రం అదే బేరం, అదే అలక, ఫ్రిజ్ మీద దాచిన డబ్బా మీదే పిల్లవాడి చూపు. మిఠాయిల వ్యవహారాన్ని ఇలా సాగదీయడం కంటే, మొదటి రోజుల్లో కాస్త ఉదారంగా ఉండి, రెండు వారాల్లోపు ముగించడం మేలని నా అభిప్రాయం. అందుకు చేయవలసిన పనులు వరుసగా ఇవి.

పండుగకు వారం ముందు: ఇంట్లో మాట ఒకటి కావాలి

మిఠాయిలు ఇంటికి వచ్చిన తర్వాత పెట్టే నియమం పిల్లల దృష్టిలో శిక్ష అవుతుంది. ముందుగా చెప్పినదైతే పద్ధతి అవుతుంది. కాబట్టి అక్టోబర్ చివరి వారంలోనే భార్యాభర్తలు కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి: మిఠాయిల డబ్బా ఎక్కడ ఉంటుంది, ఏ వేళల్లో తినవచ్చు, ఏ తేదీతో ఈ వ్యవహారం ముగుస్తుంది. ఇండియా నుంచి తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలు వచ్చి ఉంటే వారిని కూడా ఈ సంభాషణలో కూర్చోబెట్టండి. మనవడు ఏడిస్తే చూడలేక చాటుగా రెండు చేతిలో పెట్టే పెద్దలున్న ఇంట్లో, వారికి ముందే చెప్పని ఏ నియమమూ రెండో రోజు దాకా నిలవదు. ఆ తర్వాత పిల్లలకు సూటిగా చెప్పండి. అయిదేళ్లు దాటిన పిల్లలైతే ముగింపు తేదీ ఎప్పుడు ఉండాలో వారినే అడగవచ్చు; తాము ఒప్పుకున్న తేదీని పిల్లలు పెద్దలకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

సంచి సైజు కూడా ముందే చూసుకోవలసిన విషయం. దిండు గలీబు పట్టుకుని బయలుదేరిన పిల్లవాడు అది నిండేదాకా తిరగాలనుకుంటాడు. చిన్న ప్లాస్టిక్ గుమ్మడికాయ బకెట్ ఇస్తే అది నిండగానే తృప్తిగా వెనక్కి తిరుగుతాడు.

మీ గుమ్మానికి వచ్చే పిల్లలకు పంచడానికి మీరు కొనే పెద్ద ప్యాకెట్ల సంగతి చాలామంది మరిచిపోతారు. పిల్లల సంచిని గట్టిగా కాపలా కాసే ఇంట్లో కూడా, పంచగా మిగిలిన మూడొంతుల పెద్ద ప్యాకెట్ నవంబర్ నెలంతా వంటింటి గట్టు మీద తెరిచి ఉంటుంది. అందుకని పండుగకు ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే కొనండి, మీ ఇంట్లో ఎవరూ అంతగా ఇష్టపడని రకం కొనండి, 31 సాయంత్రం దాకా ప్యాకెట్ విప్పకండి. తిండి కాకుండా స్టిక్కర్లు, పెన్సిళ్లు, చీకట్లో మెరిసే గాజులు ఇవ్వదలచుకుంటే గుమ్మం ముందు నీలి ఆకుపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టండి. ఆహార అలర్జీలున్న పిల్లలకు ఆ ఇంట్లో తిండి కాని బహుమతి దొరుకుతుందనడానికి అది గుర్తు. టెనసీ రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతిని 2014 నుంచి ఫేర్ అనే అలర్జీ సంస్థ దేశమంతటా ప్రచారం చేస్తోంది.

బయలుదేరే ముందు: కడుపునిండా అన్నం

సాయంత్రం 5:30 కల్లా పిల్లలకు రాత్రి భోజనం పెట్టేయండి. పప్పన్నమో, పెరుగన్నమో, గుడ్డు తినే ఇంట్లో ఆమ్లెట్టో, వాళ్లు మారాం చేయకుండా తినేది ఏదైనా సరే. ఆకలితో వీధిలోకి వెళ్లిన పిల్లవాడు మూడో ఇంటి దగ్గరే చాక్లెట్ విప్పుతాడు, పెద్దవాళ్లు చూడకముందే ఏదీ తినకూడదనే నియమం అక్కడికక్కడే పోతుంది.

ఆ రాత్రే: నేల మీద పరచి వేరు చేయడం

ఈ పనిని మరునాటికి వాయిదా వేయకండి. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, హాల్లో ఒక దుప్పటి పరచి, సంచిలోని సరుకంతా దాని మీద గుమ్మరించమనండి. పిల్లలకు హాలోవీన్‌లో అసలు ఆనందం ఇదే. రకాల వారీగా కుప్పలు పోసి లెక్కపెట్టుకుంటారు. మీరు పక్కన కూర్చుని కింది తనిఖీలు చేస్తూ ఉండండి.

మొదట కవరు చూడండి. చినిగినది, సూది మొన అంత రంధ్రం ఉన్నది, అంటించిన చోట విప్పి మళ్లీ అంటించినట్టు కనిపించేది, అసలు కవరే లేనిది పారేయండి. ఇంట్లో చేసిన తినుబండారాలు బాగా తెలిసినవాళ్లు ఇచ్చినవైతేనే ఉంచుకోండి. ఇంతకు మించి భయం అక్కర్లేదు. మిఠాయిల్లో బ్లేడ్లు, విషం అనే కథలు అమెరికాలో దశాబ్దాలుగా తిరుగుతున్నాయి, కొన్ని ఊళ్లలో ఆసుపత్రులు ఉచితంగా ఎక్స్‌రే తీసిన రోజులు కూడా ఉన్నాయి. కాని డెలావేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన పత్రికా వార్తలను ఏళ్ల తరబడి జల్లెడ పట్టినా, ముక్కూ మొహం తెలియనివారు ఇచ్చిన హాలోవీన్ మిఠాయి వల్ల పిల్లలు చనిపోయిన ఉదంతం ఒక్కటీ ఆయనకు దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో నిజంగానే ఒక బాలుడు విషం కలిపిన మిఠాయి తిని మరణించాడు. ఆ విషం కలిపింది బీమా డబ్బు కోసం అతని కన్నతండ్రి.

ఇప్పటి కాలంలో నిజంగా గమనించవలసినది గంజాయి కలిపిన గమ్మీలు, చాక్లెట్లు. పేరున్న మిఠాయిలను పోలిన కవర్లలో ఇవి అమ్ముడవుతుంటాయి. వీధిలో ఎవరో పిల్లల సంచిలో వేస్తారని కాదు, ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో పెద్దవారు కొనిపెట్టుకున్నవి పిల్లల మిఠాయిల్లో కలిసిపోవడం ఎక్కువ సంభవం. ఏదైనా తిన్న తర్వాత పిల్లలు అసాధారణంగా మగతగా ఉన్నా, తూలుతున్నా 1-800-222-1222 నంబరుకు ఫోన్ చేయండి. ఆ పాయిజన్ కంట్రోల్ సేవ అమెరికా అంతటా రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది. పిల్లలు పిలిస్తే పలకకపోయినా, ఊపిరి కష్టమైనా నేరుగా అత్యవసర సేవల నంబరు 911కు ఫోన్ చేయండి.

రెండో తనిఖీ వయసును బట్టి. నాలుగేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నందువల్ల గట్టిగా గుండ్రంగా ఉండే బిళ్లలు, చూయింగ్ గమ్, వేరుశనగ గింజలు, బాదం వంటి పప్పులు ఉన్నవి, జిగురుగా సాగే క్యారమెల్ ముద్దలు, మిఠాయితో పాటు వచ్చే చిన్న బొమ్మలు వారి కుప్పలోంచి తీసేయండి. అక్క సంచిలోవి తమ్ముడి చేతికి అందే ఎత్తులో ఉండకూడదు. రెండేళ్లు నిండని పసివాళ్లకు అసలు మిఠాయి పెట్టనక్కర్లేదు. ఆ వయసులో బకెట్ పట్టుకు తిరగడమే వాళ్లకు పండుగ.

మూడోది అలర్జీ. పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, బాదం జీడిపప్పు వంటి పప్పులు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 జనవరి 1 నుంచి నువ్వులు: ఈ తొమ్మిదింటిలో ఏది ఉన్నా లేబుల్ మీద స్పష్టంగా రాయాలని అమెరికా చట్టం. చిక్కు ఎక్కడంటే, హాలోవీన్‌కు పంచే బుల్లి ప్యాకెట్ల మీద చాలాసార్లు పదార్థాల జాబితా ఉండదు, అది బయటి పెద్ద సంచి మీదే ఉంటుంది. పైగా అదే పేరుతో అమ్మే పెద్ద బార్‌లోని పదార్థాలకూ, చిన్నదాంట్లోవాటికీ తేడా ఉండవచ్చు. అందువల్ల ఇంట్లో అలర్జీ ఉన్న పిల్లలుంటే, లేబుల్ లేని ప్రతి మిఠాయినీ పక్కన పెట్టి, ముందే కొని ఉంచిన సురక్షితమైన వాటితో ఒకటికి ఒకటి చొప్పున మార్చి ఇవ్వండి. తీవ్రమైన అలర్జీకి వాడే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్‌ను డాక్టర్ రాసిచ్చిన పిల్లలైతే, వీధిలో తిరిగేటప్పుడు అది పెద్దవారి జేబులో ఉండాలి.

ఇక నాలుగో తనిఖీ శాకాహార కుటుంబాలకు. ఇండియాలో ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసి కొనడానికి అలవాటుపడ్డ మనకు అమెరికాలో ఆ సౌకర్యం లేదు. పదార్థాల జాబితా చదవడం ఒక్కటే దారి. మొట్టమొదట వెతకవలసినది జెలటిన్. పంది లేదా ఆవు చర్మం, ఎముకల నుంచి తీసే ఈ పదార్థం హరిబో వంటి గమ్మీ ఎలుగుబంట్లలోనూ, మార్ష్‌మాలోలలోనూ, మార్ష్‌మాలోతో చేసే రైస్ క్రిస్పీస్ ట్రీట్లలోనూ, అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లోనూ, హాలోవీన్‌కే ప్రత్యేకమైన క్యాండీ కార్న్‌లోనూ ఉంటుంది. గుడ్డు కూడా తినని ఇళ్లవారు స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కెటీర్స్ లేబుళ్లు తప్పక చదవాలి. వాటి లోపలి మెత్తని పొరలో కోడిగుడ్డు తెల్లసొన వాడతారు. ఎర్ర రంగు కోసం పురుగుల నుంచి తీసే కార్మైన్‌ను 2011 నుంచి పేరుతో సహా లేబుల్ మీద రాయాలి కాబట్టి వెతికితే దొరుకుతుంది. మెరుపు కోసం పూసే కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అంటే లక్కే. దానికి అభ్యంతరం ఉందా లేదా అన్నది మీ ఇంటి ఆచారం. ట్విజ్లర్స్, జాలీ రాంచర్ బిళ్లలు, డమ్ డమ్స్ లాలీపాప్‌లు, అమెరికాలో స్మార్టీస్ పేరుతో అమ్మే చక్కెర బిళ్లలు, స్కిటిల్స్ జెలటిన్ లేకుండానే తయారవుతున్నాయి. అయినా కంపెనీలు పదార్థాలు మారుస్తుంటాయి కనుక, గత ఏడాది చదివాం కదా అని ఈ ఏడాది వదిలేయకండి.

ఈ కారణంగా తీసేసిన మిఠాయిలను పిల్లల ఎదుట చెత్తబుట్టలో పడేయవద్దు. పాలతో చేసిన చాక్లెట్లు ఒక గిన్నెలో పోసి, మీరు తీసుకున్నవాటికి బదులు వాటిలోంచి ఏరుకోమనండి. అలా చేస్తే ఆచారం పిల్లలకు నష్టంగా కనిపించదు. ఎనిమిదేళ్ల పిల్లలకు లేబుల్ చదవడం నేర్పితే, మరుసటి ఏడాది ఈ పని వాళ్లే చేసి మీకు చూపిస్తారు.

మొదటి రెండు రోజులు, ఆ తర్వాత

తనిఖీ అయిన తర్వాత ఎంత తిననివ్వాలన్నది అసలు ప్రశ్న. పిల్లల ఆహారంపై జీవితకాలం పనిచేసిన అమెరికన్ డైటీషియన్ ఎలిన్ సాటర్ సూచించిన పద్ధతి తెలుగు ఇళ్లలో వినగానే విపరీతంగా తోస్తుంది: ఆ రాత్రి కావలసినన్ని తిననివ్వండి, మరునాడు కూడా అంతే, మూడో రోజు నుంచి భోజనం తర్వాతా, సాయంత్రం చిరుతిండి వేళా మాత్రమే. పిల్లవాడు ఈ నియమాన్ని పాటించగలిగినన్నాళ్లు డబ్బా వాడి ఆధీనంలోనే ఉంటుంది, పాటించలేకపోతే మీ ఆధీనంలోకి వస్తుంది. దీనికి ఆధారం లేకపోలేదు. లియాన్ బర్చ్, జెన్నిఫర్ ఫిషర్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన ప్రయోగాల్లో, కంటికి కనిపిస్తూ చేతికి అందకుండా ఉంచిన తినుబండారం మీదే పిల్లల ధ్యాస, మాటలు, ఆరాటం పెరిగాయి. వద్దన్న కొద్దీ దానిమీదే మోజు పెరుగుతుందన్నమాట.

దీన్ని అమలు చేయడానికి ఒక నమూనా చెబుతాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. 31 రాత్రి తనిఖీ తర్వాత పిల్లలు తమకు నచ్చినవి తింటారు, పళ్లు తోముకుంటారు, పడుకుంటారు. కొందరికి ఆ రాత్రి కడుపులో తిప్పుతుంది. దాని మీద ఉపన్యాసం అవసరం లేదు. నవంబర్ 1న స్కూలు నుంచి వచ్చాక కూడా అంతే. నవంబర్ 2 నుంచి డబ్బా వంటింట్లో, మూతపెట్టి, ఒకే చోట ఉంటుంది. రాత్రి భోజనం తర్వాత రెండు. ఏ రెండు అన్నది పిల్లల ఇష్టం. దాని మీద మీరు సలహా ఇవ్వకండి. అన్నం పూర్తిగా తింటేనే చాక్లెట్ అనే షరతు కూడా పెట్టకండి, ఎందుకంటే ఆ షరతు అన్నాన్ని జరిమానాగానూ చాక్లెట్‌ను బహుమానంగానూ మారుస్తుంది. టీవీ ముందు, కారులో, పడకగదిలో మాత్రం వద్దు. నాలుగైదు రోజులు గడిచేసరికి ఇష్టమైన రకాలు అయిపోయి, నచ్చనివే డబ్బా అడుగున మిగులుతాయి, ఉత్సాహం దానంతటదే తగ్గుతుంది. నవంబర్ రెండో వారాంతం మంచి ముగింపు తేదీ.

రెండు అనే సంఖ్య ఎక్కడిదంటే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఆహారంలో విడిగా కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే దాదాపు ఆరు చెంచాలు, మించకూడదంటుంది. బుల్లి చాక్లెట్ ఒక్కొక్కదానిలో చక్కెర 8 నుంచి 10 గ్రాముల దాకా ఉంటుంది. రెండు తింటే రోజువారీ పరిమితిలో అధిక భాగం అయిపోయినట్టే, కాబట్టి ఆ రెండు వారాలు జ్యూస్, తీపి పెరుగు, పాలలో కలిపే చాక్లెట్ పొడి తగ్గించండి. తొలి రెండు రోజులు ఈ లెక్క తప్పుతుంది. ఏడాదిలో రెండు రోజులు తప్పితే ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి ఏమీ కాదు. చక్కెర తింటే పిల్లలు అదుపు తప్పి గెంతుతారన్న నమ్మకం కూడా పరీక్షలకు నిలవలేదు. 1995లో ఇటువంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన వైద్య పరిశోధకులకు, ప్రవర్తన మీద చక్కెర ప్రభావం కనిపించలేదు. ఆ రాత్రి గెంతులకు వేషం, చీకటి, స్నేహితులు చాలు.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. దీపావళి కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. 2024లో అయితే రెండూ ఒకే రోజున, అక్టోబర్ 31న వచ్చాయి. మైసూర్‌పాక్, లడ్డూ, కజ్జికాయల డబ్బాలు ఒక పక్క, పిల్లల సంచి ఇంకో పక్క ఉన్నప్పుడు, మన మిఠాయి మంచిదీ వాళ్ల క్యాండీ చెడ్డదీ అనే వాదన మొదలుపెట్టకండి. సున్నుండలోని బెల్లం కూడా ఆ 25 గ్రాముల లెక్కలోదే. భోజనం తర్వాత రెండు తీపి వస్తువులు అన్నప్పుడు, అందులో ఒకటి లడ్డూ కావచ్చు, ఒకటి కిట్‌క్యాట్ కావచ్చు.

టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల విషయంలో డాక్టర్ చెప్పిన కార్బోహైడ్రేట్ లెక్క ప్రకారమే తినాలి. స్మార్టీస్, స్కిటిల్స్ వంటివి రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు వాడుకోవడానికి దాచుకోవచ్చు కాని చాక్లెట్ అందుకు పనికిరాదు, దానిలోని కొవ్వు చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది.

పళ్ల సంగతి

పిప్పిపళ్ల విషయంలో ఎంత తిన్నారన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నారన్నది కూడా ముఖ్యం. నోటిలోని బాక్టీరియా చక్కెర అందిన ప్రతిసారీ ఆమ్లం తయారుచేస్తుంది. గంటకొకటి చొప్పున నాలుగు చాక్లెట్లు తినడం కంటే, భోజనం అయిన వెంటనే, లాలాజలం బాగా ఊరుతున్నప్పుడు, నాలుగూ ఒకేసారి తినడం పళ్లకు తక్కువ హాని. రకాల్లోనూ తేడా ఉంది: చాక్లెట్ త్వరగా కరిగి కొట్టుకుపోతుంది, గమ్మీలు, క్యారమెల్ పళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి, లాలీపాప్ చాలాసేపు నోట్లోనే ఉంటుంది. పుల్లటివి పంటి పైపొరను మెత్తబరుస్తాయి కాబట్టి అవి తిన్న వెంటనే బ్రష్ పట్టుకోకుండా, ముందు నీళ్లు తాగించి, అరగంటో గంటో ఆగి తోమించండి. పళ్లు సరిచేయడానికి తీగల బ్రేసులు వేయించుకున్న పిల్లలకు జిగురువి, గట్టివి పూర్తిగా వద్దు.

కుక్క ఉన్న ఇల్లు

చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, చక్కెర లేని గమ్‌లలో తీపి కోసం వాడే జైలిటాల్, ఎండుద్రాక్ష కుక్కలకు విషం. పిల్లల గదిలో నేల మీద వదిలేసిన బకెట్ దానికి తేలికగా అందుతుంది. డబ్బా ఎత్తున పెట్టండి.

ముగింపు తేదీ వచ్చాక మిగిలినవి

కొన్ని ఇళ్లలో మంత్రగత్తె రాత్రిపూట వచ్చి మిగిలిన మిఠాయిలు తీసుకుని బొమ్మ పెట్టి వెళ్తుందని కథ చెబుతారు. చిన్నపిల్లలకు బాగానే పనిచేస్తుంది, ఏడేళ్లు దాటాక నేరుగా బేరం ఆడుకోవడమే గౌరవం. కొందరు దంతవైద్యులు నవంబర్ మొదటి వారంలో పౌనుకు ఒక డాలర్ చొప్పున మిఠాయిలు కొంటారు. ఆపరేషన్ గ్రాటిట్యూడ్, సోల్జర్స్ ఏంజెల్స్ వంటి సంస్థలు విప్పని మిఠాయిలను సేకరించి సైనికులకు పంపుతూ వచ్చాయి. ఆ ఏడాది ఎప్పటిదాకా, ఎక్కడ తీసుకుంటారో ముందే చూసుకోండి. పేదలకు ఆహారం పంచే ఫుడ్ బ్యాంకులన్నీ మిఠాయిలు తీసుకోవు, అడిగి వెళ్లండి. ఆఫీసు ప్యాంట్రీలో పెడితే మధ్యాహ్నానికి ఖాళీ అవుతాయి. చాక్లెట్లను గాలి చొరని సంచిలో కట్టి ఫ్రీజర్‌లో దాచి, డిసెంబర్‌లో కుకీలలో వేయవచ్చు. తీసేటప్పుడు ముందు ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే తడి పట్టదు. పైన తెల్లటి పొర కనిపిస్తే అది కొవ్వో చక్కెరో పైకి తేలడమే, బూజు కాదు.

డిసెంబర్‌లో ఇండియా ప్రయాణం ఉన్నవాళ్లు నవంబర్ 1న సగం ధరకు దొరికే ప్యాకెట్లతో పాటు పిల్లల డబ్బా అడుగున మిగిలినవి కూడా సూట్‌కేసులో సర్దడం మనకు తెలిసిందే. ఆ పని చేయండి, కాని తేదీ దాటినవి ముందు ఏరేయండి, మెత్తని చాక్లెట్లను బట్టల మధ్యలో పెట్టండి. జెలటిన్ ఉన్నవి, గుడ్డు ఉన్నవి, వేరుశనగ ఉన్నవి విడివిడి సంచుల్లో కట్టి, పైన పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. ఊళ్లో పెట్టె విప్పిన పది నిమిషాల్లో ఆ మిఠాయిలు ఎన్ని ఇళ్లకు చేరతాయో చెప్పలేం, అక్కడ ఆ చిన్న కవర్ల మీది ఇంగ్లీషు చదివి చెప్పడానికి మీరు ప్రతి ఇంట్లోనూ ఉండలేరు.